అదే వేగంతో ముప్పై గజాలు ఎక్కువ: ఒక స్లైస్ కేసు

నేను గోల్ఫ్ కోచ్‌ని. డ్రైవర్‌తో (అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్) దూరం పెంచుకోవడానికి నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది అడిగేది ఒకటే, "సార్, స్పీడు పెంచాలి" అని. ఈ కేసులో వచ్చినాయనా అదే అడిగారు. నలభై అయిదు దాటిన వయసు, కుడిచేతి వాటం, హ్యాండిక్యాప్ పంతొమ్మిది (అంటే మధ్యరకం ఆటగాడు), రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగం, కుర్రతనంలో షటిల్ బాగా ఆడిన చేయి. కొంతకాలంగా జిమ్‌కి వెళ్తున్నారు. కొత్త డ్రైవర్ కూడా కొన్నారు, తొమ్మిది డిగ్రీల లాఫ్ట్ (క్లబ్ ముఖం వెనక్కి వాలిన కోణం), స్టిఫ్ షాఫ్ట్ (తక్కువ వంగే కడ్డీ), అంటే తన స్నేహితుల్లో అందరికంటే దూరం కొట్టే వ్యక్తి దగ్గర ఏముందో అదే. అయినా బంతి కొంచెం ఎడమగా బయల్దేరి, సగం దూరం వెళ్లాక కుడివైపుకి తిరిగి (స్లైస్ అంటే ఇదే) పొడుగు గడ్డి ఉండే రఫ్‌లో పడుతోంది, పడ్డాక ఒక్క అడుగు కూడా దొర్లడం లేదు. ఆయన్ని బాగా ఇబ్బంది పెడుతున్నది ఒక పార్ ఫోర్, అంటే నాలుగు షాట్లలో ముగించాల్సిన హోల్. అక్కడ నీళ్లు దాటాలంటే గాల్లోనే దాదాపు రెండొందల గజాలు పోవాలి. ఆయన పక్కకి కొట్టి తప్పించుకుంటున్నారు, ఆయనతో కలిసి ఆడే మిగతా ముగ్గురూ దాటించేస్తున్నారు. నిజం చెప్పాలంటే ఆయన వచ్చింది దూరం కోసం కాదు, ఆ ముగ్గురి కోసం.

నేను మొదట చేసే పని లాంచ్ మానిటర్ (క్లబ్, బంతి వేగాలూ కోణాలూ కొలిచే యంత్రం) ముందు నిలబెట్టి, వేడెక్కాక, మామూలుగా ఎలా కొడతారో అలాగే కొట్టమనడం. సలహాలేవీ ఇవ్వను. బాగా తగిలిన ఒకటీ రెండూ పక్కన పెట్టి మధ్యరకం షాట్లు చూస్తాను, ఎందుకంటే మనిషి తన దూరం అని చెప్పుకునేది ఎప్పుడూ తన జీవితంలో కొట్టిన మంచి షాట్‌నే. ఆయన మధ్యరకం లెక్కలు ఇవి: క్లబ్ వేగం గంటకు 92 మైళ్లు, బంతి వేగం 126, లాంచ్ యాంగిల్ (బంతి పైకి లేచే కోణం) 8.5 డిగ్రీలు, స్పిన్ నిమిషానికి 3900 చుట్లు, క్యారీ (బంతి గాల్లో పోయే దూరం) సుమారు 175 గజాలు. అటాక్ యాంగిల్ మైనస్ 5, అంటే క్లబ్ అయిదు డిగ్రీలు కిందికి దిగుతూ బంతిని తాకుతోంది. స్వింగ్ పాత్, అంటే బంతిని తాకేటప్పుడు క్లబ్ కదిలే దిశ, ఎనిమిది డిగ్రీలు ఎడమకి, ఫేస్, అంటే బంతిని తాకే క్లబ్ ముఖం, రెండు డిగ్రీలు ఎడమకి.

ఈ అంకెలు చూడగానే ఆయన "92 తక్కువే కదా" అన్నారు. తక్కువ కాదు. లాంచ్ మానిటర్లు తయారుచేసే ట్రాక్‌మ్యాన్ వాళ్లు ప్రొఫెషనల్ టూర్ సగటులతో ప్రచురించిన పట్టిక ఒకటి చాలాకాలంగా కోచ్‌ల దగ్గర తిరుగుతోంది. అందులో ఎల్‌పీజీఏ (ఆడవాళ్ల టూర్) ఆటగాళ్ల డ్రైవర్ క్లబ్ వేగం 94 మైళ్లు, బంతి వేగం 140, లాంచ్ 13.2, స్పిన్ 2611, క్యారీ 218 గజాలు. వాళ్లకీ ఈయనకీ క్లబ్ వేగంలో తేడా రెండే మైళ్లు. క్యారీలో మాత్రం నలభై గజాలు పైనే. ఆ నలభై గజాలు కండలో లేవు. వాళ్ల అటాక్ యాంగిల్ ప్లస్ 3, అంటే క్లబ్ పైకి లేస్తూ తాకుతుంది. పీజీఏ టూర్ మగవాళ్ల సగటు అదే పట్టికలో మైనస్ 1.3. వాళ్లు 113 మైళ్లతో తిప్పుతారు కాబట్టి కాస్త కిందికి కొట్టినా చెల్లుతుంది. 92 మైళ్లవాడికి చెల్లదు. టీవీలో పీజీఏ చూసి నేర్చుకునే మగవాళ్లు నిజానికి చూడాల్సింది ఎల్‌పీజీఏ మ్యాచ్‌లు, ఈ మాట చెబితే చాలామంది మొహమాటంగా నవ్వేసి ఊరుకుంటారు.

బంతి వేగాన్ని క్లబ్ వేగంతో భాగిస్తే వచ్చేదాన్ని స్మాష్ ఫ్యాక్టర్ అంటాం. డ్రైవర్‌కి అది 1.5 దగ్గర ఆగిపోతుంది, ఎందుకంటే ఫేస్ ఎంత స్ప్రింగ్‌లా పనిచేయొచ్చో నియమాల్లోనే హద్దు ఉంది. పేరున్న కంపెనీల డ్రైవర్లన్నీ ఎప్పుడో ఆ హద్దు దగ్గరికి చేరిపోయాయి. ఈయనది 1.37. ఇప్పుడు దీనిమీద వేగం పెంచామే అనుకుందాం. మధ్యలో తగలని బంతి ఇంకా గట్టిగా, మధ్యలో తగలకుండానే తగులుతుంది, స్లైస్ ఇంకా దూరం పోయి ఇంకా లోపలి చెట్లలో పడుతుంది. లాభం మాట అటుంచి అసలుకే ఎసరు. అందుకే ఆయనతో ఒక ఒప్పందం చేసుకున్నాను: నేను చెప్పేదాకా స్పీడు అనే మాట ఎత్తకూడదు, జిమ్ మానక్కర్లేదు.

ఫేస్ మీద ఎక్కడ తగులుతోందో చూడటానికి పాదాలకి కొట్టుకునే పౌడర్ స్ప్రే చాలు. ఒక పొర కొట్టి, ఒక బంతి కొట్టి, చూసి, తుడిచి, మళ్లీ. ఆయన గుర్తులన్నీ ఒకేచోట గుంపుగా పడ్డాయి, హీల్ వైపు, అంటే షాఫ్ట్‌కి దగ్గరగా, ఫేస్ మధ్య గీతకి కింద. ఒక వేలి వెడల్పు పక్కకి, అరవేలు కిందికి. ఆయన క్లబ్ తిప్పి ఆ తెల్లటి పొరలో గుండ్రటి మచ్చని చాలాసేపు చూశారు. "నాకు మధ్యలోనే తగిలినట్టు అనిపిస్తుంది సార్" అన్నారు. ఇప్పటి డ్రైవర్ల తల 460 సీసీ దాకా ఉంటుంది, అంత పెద్ద తలతో పక్కన తగిలినా చేతికి తెలియదు, బంతికి మాత్రం తెలుస్తుంది. హీల్‌లో తగిలితే తల కాస్త తిరుగుతుంది, ఆ తిరుగుడుకి ఎదురుగా బంతికి కుడివైపు వంగే స్పిన్ అంటుకుంటుంది. దీన్నే గేర్ ఎఫెక్ట్ అంటారు. కింద తగిలితే వెనక్కి తిరిగే స్పిన్ పెరుగుతుంది. అంటే ఈయన స్లైస్‌కి రెండు తల్లివేర్లు, ఒకటి పాత్‌కీ ఫేస్‌కీ మధ్య ఉన్న ఆరు డిగ్రీల తేడా, రెండోది ఆ మచ్చ ఉన్న చోటు. పైగా 3900 స్పిన్‌లో మచ్చ కిందికి ఉండటం వాటా కూడా ఉంది.

ఎక్కడ మొదలుపెట్టాలి అన్నదే ఈ కేసులో అసలు నిర్ణయం. వెంటనే చేయాలనిపించేది పాత్ సరిచేయడం, "లోపల్నించి కొట్టండి" అని. నేను ఫేస్‌తో మొదలుపెడతాను. కారణం ఇది: బంతి ఏ దిశలో బయల్దేరుతుందన్నది ఎక్కువగా ఫేస్ నిర్ణయిస్తుంది, ఎటు వంగుతుందన్నది ఫేస్‌కీ పాత్‌కీ ఉన్న తేడా నిర్ణయిస్తుంది. ఏళ్ల తరబడి కుడికి పోయే బంతిని చూస్తున్న మనిషి, ఎవరూ చెప్పకుండానే, ఇంకా ఇంకా ఎడమకి తిప్పడం మొదలుపెడతాడు. అంటే ఎడమకి లాగే పాత్ ఆ మనిషి వేసుకున్న మందు, రోగం కాదు. పాత్‌తో పోలిస్తే ఫేస్ తెరుచుకుని, అంటే కుడికి చూస్తూ, ఉన్నంతకాలం ఆ మందు మానమంటే ఎలా మానతాడు, మానితే బంతి ఇంకా కుడికి పోతుంది కదా.

ఆయన గ్రిప్‌లో, పైనుంచి చూస్తే, ఎడమ చేతి వేలి కణుపు ఒక్కటే కనిపిస్తోంది. చేతిని కుడివైపుకి తిప్పి రెండు కణుపులు పూర్తిగా, మూడోది కొంచెం కనిపించేలా పట్టించాం, హ్యాండిల్ అరచేతిలోంచి వేళ్ల మొదళ్లలోకి వచ్చింది. చూడటానికి చిన్న మార్పు. పట్టుకున్నవాడికి మాత్రం అది తన చేయే కానట్టు ఉంటుంది. తర్వాత జరిగేది ముందే చెప్పి పెట్టాను, బంతులన్నీ ఎడమకి పోతాయి అని. పోయాయి. పాత్ ఇంకా ఎడమకే ఉంది, ఫేస్ ఇప్పుడు దానికి దగ్గరగా మూసుకుంది, కాబట్టి బంతి సూటిగా ఎడమకి, వలలోకి. కోచింగ్ మానేసేవాళ్లు ఎక్కువగా ఇక్కడే మానేస్తారు, ఉన్నది కూడా పోయి మొదటికే మోసం వచ్చిందనుకుంటారు. ఈయన మానలేదు, ఎందుకో కానీ ఆ ఎడమ బంతులు తక్కువ వంగుతున్నాయని ఆయనే గమనించారు. కొన్ని వారాల్లో, నేను పాత్ గురించి పల్లెత్తు మాట అనకుండానే, అది ఎడమకి 8 డిగ్రీల నుంచి 4 దగ్గరికి వచ్చింది. బంతి ఎడమకి పోతుంటే శరీరం దానంతట అదే కుడికి తిప్పడం నేర్చుకుంటుంది.

తర్వాత నిలబడే తీరు. ఆయన టీ (బంతిని నిలబెట్టే చిన్న పుల్ల) బాగా కిందికి గుచ్చుతారు, బంతి కాళ్ల మధ్యకి దగ్గరగా ఉంటుంది, భుజాలు రెండూ సమంగా ఉంటాయి. నేలమీది బంతిని కొట్టే ఐరన్ క్లబ్‌కి దాదాపు సరిపోయే సెటప్ అది. డ్రైవర్‌కి బంతి ఎడమ మడమ లోపలి అంచుకి ఎదురుగా ఉండాలి, క్లబ్ నేలమీద పెట్టినప్పుడు బంతి సగం క్లబ్ తల పై అంచుని దాటి కనిపించేంత ఎత్తు టీ ఉండాలి. ఆయన ఇంటర్నెట్‌లో ఇది చదివి అప్పటికే ఒకసారి ప్రయత్నించారట, బంతి నిట్టనిలువుగా ఆకాశానికి లేచి, డ్రైవర్ నెత్తిన పెయింట్ మీద తెల్ల గీత పడింది, మర్నాడే టీ మళ్లీ కిందికి దించేశారు. ఆ గీత ఇంకా ఉంది, చూపించారు. గొడ్డలితో కట్టె కొట్టినట్టు పైనుంచి దిగే స్వింగ్‌కి టీ ఎత్తు పెంచితే క్లబ్ బంతి కిందికి దూరి పోతుంది, అంతకంటే ఏం జరుగుతుంది. టీ ఎత్తు, బంతి చోటు, వెన్ను వాలు, ఈ మూడూ ఒకేసారి మారాలి, ఒకటి మార్చి రెండు వదిలేస్తే ముందున్నదే నయం.

వెన్ను వాలు అంటే ఎడమ భుజం కంటే కుడి భుజం కిందికి ఉండేలా పైశరీరం టార్గెట్‌కి దూరంగా కొంచెం ఒరగడం. దీనికి నేను చెప్పే పద్ధతి: మామూలుగా నిలబడి, కుడి చేయి గ్రిప్ వదిలేసి, కుడి మోకాలి పక్కనుంచి కిందికి జార్చి, అక్కణ్ణుంచి మళ్లీ గ్రిప్ పట్టుకోవాలి. భుజం దానంతట అదే దిగుతుంది. ఒక చిక్కుంది, బంతిని ముందుకి జరిపితే దాన్ని అందుకోవడానికి భుజాలు ఎడమకి తెరుచుకుంటాయి, దాంతో పాత్ మళ్లీ ఎడమకి పోతుంది. అంటే అటాక్ యాంగిల్ బాగుచేద్దామని పోయి స్లైస్‌ని వెనక్కి పిలిచినట్టవుతుంది. ఆయనకి అదే అయింది. అందుకని సెటప్ అయ్యాక ప్రతిసారీ ఒక షాఫ్ట్‌ని ఛాతీకి అడ్డంగా పెట్టి భుజాలు ఎటు చూస్తున్నాయో సరిచూసుకునే అలవాటు చేయించాం. విసుగు పుట్టించే పనే, కానీ ఈ మొత్తం కేసులో అటాక్ యాంగిల్‌ని మైనస్ 5 నుంచి సున్నా దగ్గరికి తెచ్చింది ఈ ఒక్క సెటప్ మార్పే, స్వింగ్‌లో చెయ్యి కూడా పెట్టలేదు.

హీల్ గుర్తుల సంగతి వేరు. పక్కనుంచి తీసిన వీడియో ఆపి ఆపి చూస్తే, డౌన్‌స్వింగ్‌లో ఆయన నడుము బంతి వైపుకి వస్తోంది, వెన్ను నిటారుగా లేస్తోంది. దీన్ని ఎర్లీ ఎక్స్‌టెన్షన్ అంటారు. నడుము ముందుకొస్తే చేతులకి చోటు ఉండదు, హ్యాండిల్ బయటికి పోతుంది, దాంతోపాటు క్లబ్ తల కూడా బయటికి పోయి హీల్ తగులుతుంది. పిరుదుల వెనక కుర్చీ పెట్టి, అది అంటుకుని ఉండేలా స్వింగ్ చేయమనే డ్రిల్ అందరికీ తెలిసిందే. ఈయనకి పనిచేయలేదు. కుర్చీని తగిలించడం మీదే ధ్యాస పెట్టి తిరగడం మానేశారు. బదులుగా టార్గెట్ గీతకి అడ్డంగా రెండు టీలు గుచ్చాం, ఒకటి బంతి కింద, ఇంకొకటి ఆయనకి దగ్గరగా నాలుగు వేళ్ల లోపల. బంతిని పక్కన పెట్టి లోపలి టీని మాత్రమే కొట్టమన్నాను. అది బాగా వచ్చాక బయటి టీ మీద బంతి పెట్టి, లోపలి టీని కొడుతున్నట్టే ఊహించుకుని కొట్టమన్నాను. మచ్చ ఫేస్ మీద మధ్యకి నడిచి వచ్చింది. నడుము కదలిక మాత్రం సగమే తగ్గింది. ఎందుకంటే ఎడమ తుంటి లోపలికి తిరగడంలో ఆయనకి బిగుతు ఉంది, రోజంతా కూర్చునే మనిషికి అది మామూలే, దానికి మందు నా దగ్గర కాదు, రోజూ చేసే స్ట్రెచింగ్ దగ్గర ఉంది.

ఇక్కడికి వచ్చేసరికి మళ్లీ కొలిచాం. క్లబ్ వేగం అదే 92. బంతి వేగం 134, స్మాష్ 1.46. లాంచ్ 12 దాటింది, స్పిన్ మూడు వేలకి కొంచెం కిందికి దిగింది. క్యారీ 200 అటూ ఇటూ. అప్పుడు ఆయన తెర ముందు నిలబడి "నేను గట్టిగా కొట్టలేదు సార్" అని రెండుసార్లు అన్నారు, ఏదో తప్పు జరిగినట్టు.

లాఫ్ట్ మార్చింది కూడా ఈ దశలోనే, ముందు కాదు. ఈ వేగానికి తొమ్మిది డిగ్రీల లాఫ్ట్ చాలదు, బంతి గాల్లో నిలబడదు. పదిన్నర డిగ్రీల తల, రెగ్యులర్ షాఫ్ట్‌కి మారారు, లాంచ్ 13.5కి, క్యారీ 205కి చేరాయి. స్వింగ్ మారకముందే ఇదే క్లబ్ ఇచ్చి ఉంటే 3900 స్పిన్ ఇంకా పెరిగేది. షాఫ్ట్ పొడవు గురించి కూడా ఒక మాట. నియమాల ప్రకారం డ్రైవర్ 48 అంగుళాల దాకా ఉండొచ్చు, 2022 నుంచి పెద్ద టోర్నమెంట్లలో కావాలంటే 46కి పరిమితం చేసే లోకల్ రూల్ పెట్టుకోవచ్చు. పొడవు పెరిగితే వేగం పెరుగుతుంది నిజమే, మధ్యలో తగిలే అవకాశం తగ్గుతుంది. ఈయన ఇప్పటికీ గ్రిప్‌ని ఒక అంగుళం కిందికి పట్టుకుంటారు. దూరం తగ్గలేదు.

ఆ తర్వాతే వేగం. ఇక్కడ నేను నమ్మేది చేతుల్ని కాదు, క్రమాన్ని. ముందు నడుము, తర్వాత ఛాతీ, తర్వాత చేతులు, చివర్లో క్లబ్, ఇలా ఒకదాని వెనక ఒకటి వేగం అందుకుని తర్వాతి దానికి అందిస్తూ తగ్గాలి. ఈయన షటిల్ చేతి అలవాటు దీనికి అడ్డం వచ్చింది, పైన చేరగానే చేతులు, మణికట్లు ముందుగా విసిరేస్తాయి. క్లబ్‌ని తలకిందులు చేసి, తల దగ్గర పట్టుకుని, గ్రిప్ వైపు గాల్లో తిప్పమన్నాను. మొదట్లో ఆ 'ష్' మనే శబ్దం ఆయన కుడి భుజం పక్కనే వచ్చేసేది. ఖర్చు చేయాల్సిన చోటు రాకముందే ఖర్చయిపోయిందన్నమాట. ఆ శబ్దం ఎడమ పాదం ఎదురుగా రావాలి. కళ్లు మూసుకుని తిప్పితే తేడా చెవికి బాగా తెలుస్తుంది. అద్దం ముందు చేసే ప్రాక్టీసు కంటే ఈ చెవి ప్రాక్టీసు ఆయనకి ఎక్కువ పనికొచ్చింది.

కాళ్లకి స్టెప్ డ్రిల్ ఇచ్చాం. పాదాలు దగ్గరగా పెట్టి, క్లబ్ ఇంకా వెనక్కి పోతుండగానే ఎడమ పాదం టార్గెట్ వైపు వేయడం. బరువు ఎడమకి రావడం డౌన్‌స్వింగ్ మొదలయ్యాక కాదు, అంతకుముందే అని శరీరానికి చెప్పే పద్ధతి ఇది. పాదం ఆనాక దాన్ని నేలలోకి తొక్కి, బంతి దగ్గరికి వచ్చేసరికి ఎడమ మోకాలు సాగాలి, నేల తిరిగి తోసే బలం అప్పుడు పైకి వస్తుంది. బ్యాక్‌స్వింగ్‌లో ఎడమ మడమ లేవనివ్వమన్నాను. అది తప్పని ఆయనకి ఎవరో చెప్పారు. గోల్ఫ్ దిగ్గజం జాక్ నిక్లాస్ తన ఆట మొత్తం మడమ లేపే ఆడాడు. తుంటి బిగుతుగా ఉన్నవాళ్లకి మడమ లేవడమే పూర్తిగా తిరగడానికి దారి. దీనితోపాటు వారానికి రెండు రోజులు, వేడెక్కాక, బంతి ఎక్కడికి పోతుందో పట్టించుకోకుండా శాయశక్తులా తిప్పే స్వింగులు కొన్ని, మధ్యలో పూర్తి విశ్రాంతి. వెన్నులో ఏమాత్రం పట్టేసినట్టు అనిపించినా ఆ రోజుకి సెలవు. వేగం 95కి వచ్చింది, బంతి వేగం 139, క్యారీ 213 దాకా.

ప్రాక్టీసు చేసే రేంజ్‌లో ఇదంతా బాగానే ఉంది, అసలు పరీక్ష కోర్స్ మీద. వెనక నలుగురు నిలబడి చూస్తుంటే టెన్షన్‌కి మొదట బిగుసుకునేది ముంజేతులు, దాంతో ఫేస్ మూసుకోదు, పాత బంతి తిరిగొస్తుంది. దానికి పెద్ద మనస్తత్వ శాస్త్రం ఏమీ చెప్పలేదు. టీ మీద నిలబడ్డాక గ్రిప్‌ని ఒకసారి గట్టిగా పిండి వదిలేయమన్నాను, వదిలిన ఆ పట్టుతోనే మొదలుపెట్టమన్నాను. రేంజ్‌లో కూడా వరసపెట్టి కొట్టడం మాన్పించి, ప్రతి బంతికీ వెనక్కి వచ్చి, గురి చూసుకుని, భుజాలు సరిచూసుకుని కొట్టే పద్ధతికి తెచ్చాం. బంతులు సగానికి సగం తగ్గాయి, చెమట మాత్రం అంతే.

ఆ నీళ్ల హోల్‌లో మొదటిసారి దాటించినప్పుడు నేను లేను, ఫోన్‌లో చెప్పారు. గాలి ఎదురుగా ఉంటే ఇప్పటికీ పక్కకే కొట్టమంటాను, 213 క్యారీ అంటే ఎదురుగాలిలో 213 కాదు. ఆఖరి నాలుగైదు హోల్స్‌లో అలిసిపోతే నడుము మళ్లీ బంతి మీదికి వస్తుంది, హీల్ గుర్తు మళ్లీ పడుతుంది, అలాంటప్పుడు ఇరుకు హోల్స్‌లో డ్రైవర్ బదులు దానికంటే పొట్టి క్లబ్ త్రీ వుడ్ తీయమని చెప్పి ఉంచాను. ఈ మధ్య ఇంకో తలనొప్పి మొదలైంది: పైకి కొట్టడం ఆయనకి బాగా నచ్చేసి అటాక్ యాంగిల్ ప్లస్ 5 దాకా ఎక్కింది, పాత్ బాగా కుడికి పోయి బంతి ఎడమకి హుక్ అవుతోంది. అందుకని ప్రస్తుతానికి స్పీడు స్వింగులు ఆపి, బంతిని ఒక బంతి వెడల్పు వెనక్కి జరిపి, మళ్లీ పౌడర్ డబ్బా బయటికి తీశాం.